ఎడమ పక్క సీటు

నా కూతురు హర్షిణి నాలుగేళ్లు ఖుద్దూస్ ఆటోలో బడికి పోయింది. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ నాలుగేళ్లలో పిల్ల ఒంటి మీద చిన్న గీత కూడా పడలేదు. అయినా జరగబోయి ఆగిపోయిన ఒక సంగతి ఉంది.

ముందే చెప్పేస్తున్నాను, నేను కోపిష్టివాణ్ని. నిజామాబాద్‌లో నాకు జిరాక్స్ దుకాణం ఉంది. మిషన్‌లో కాగితం ఇరుక్కుంటే మిషన్ని తిడతాను, కరెంటు పోతే కరెంటోళ్లను తిడతాను, ఆధార్ కార్డు తిరగేసి ఇచ్చినవాణ్ని కూడా వదిలిపెట్టను. నోరు పెద్దది కాబట్టి భానుప్రసాద్ ఎవరికీ భయపడడని మా గల్లీలో పేరు. ఆ పేరు ఎంత ఉత్తదో మొన్న దసరా తర్వాత మూడు రోజుల్లో తేలిపోయింది. రాయడానికి కూర్చున్నది ఖుద్దూస్ గురించే. కానీ నన్ను తప్పించి అతని కథ చెప్పడం కుదరదు.

మేమిద్దరం బోధన్‌లో శక్కర్‌నగర్ పక్కన పుట్టి పెరిగాం. మా బాపు చక్కెర ఫ్యాక్టరీ బాయిలర్ దగ్గర, వాళ్ల అబ్బా చెరకు బండ్లు తూచే కాంటా దగ్గర పని చేసేవారు. ఫ్యాక్టరీ నడిచే నెలల్లో ఊరంతా మొలాసిస్ వాసన. బడి అయిపోగానే మేం పరిగెత్తేది దేవిదాస్ వీడియో గేమ్ దుకాణానికి. దుకాణమంటే ఒక రేకుల గది, ఒక టీవీ, హైదరాబాద్ నుంచి తెచ్చిన బూడిదరంగు పెట్టె, రెండు రిమోట్లు. అందులో అందరూ ఎగబడేది ఒకే గేమ్ కోసం. దాని ఇంగ్లిష్ పేరు మాలో ఎవడికీ చదవరాలేదు, కాబట్టి మేమే ఒక పేరు పెట్టుకున్నాం: బావి కోట.

ఒక పిల్ల లాంతరు పట్టుకుని దిగుడుబావి మెట్లు దిగుతుంది. అడుగున నీళ్లలో మునిగిపోయిన కోట ఉంటుంది. గొలుసులు పట్టుకుని ఊగాలి, గోడలు ఎక్కాలి, వెనక తరిమే రాతి మనిషి నుంచి తప్పించుకోవాలి. ఆ రాతి మనిషిని మేం పైల్వాన్ అనేవాళ్లం. దర్వాజాలు ఏడు. మూడో దర్వాజా దాకా చావకుండా పోయినవాడికి దేవిదాస్ ఒక గోలీసోడా ఇప్పించేవాడు.

కొన్నాళ్లకు ఆ టీవీ పిక్చర్ ట్యూబ్ నల్లబడింది. బావిలోకి దిగాక బొమ్మ అసలు కనిపించేది కాదు. దేవిదాస్ టీవీ మార్చే రకం కాదు. "కనవడకపోతే లెక్కబెట్టుకోండ్రి" అన్నాడు. అలా మేం ఆ కోటంతా లెక్కతో నేర్చుకున్నాం. పన్నెండు మెట్లు, ఎడమకు రెండు, దూకు, గొలుసు, మూడు ఊపులు, వదిలెయ్యి. ఒకడు ఆడుతుంటే మిగతావాళ్లం ఎక్కాల్లాగా పాడేవాళ్లం. ఈ లెక్కలో ఖుద్దూస్‌ను మించినవాడు లేడు. ఒకసారి పందెం వేసి, కండ్లకు దస్తీ కట్టుకుని మూడో దర్వాజా దాటాడు. ఆ దస్తీ ముడి వేసింది నేనే.

ఫ్యాక్టరీ మూతబడ్డాక మా రెండు ఇండ్లూ చెదిరిపోయాయి. నేను నిజామాబాద్ వచ్చి మిషన్ పెట్టుకున్నాను. ఖుద్దూస్ కూడా వచ్చి ఆటో నేర్చుకున్నాడు, షాజియాను పెళ్లి చేసుకున్నాడు. ఆమె ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. మొదట్లో బస్టాండ్ గిరాకీ కొట్టేవాడు. కొన్నేళ్లకు అది మానేసి స్కూలు పిల్లల ఆటో పెట్టుకున్నాడు. మా కాలనీ నుంచి పదకొండు మంది పిల్లలు.

అంత జాగ్రత్తగా నడిపే ఆటోడ్రైవర్ ఊళ్లో ఇంకొకడు లేడని నేనే నలుగురికీ చెప్పేవాణ్ని. ఎవర్నీ దాటి పోడు. ప్రతి మూల మీదా హారన్ కొడతాడు. తల పూర్తిగా ఇటు తిప్పి, మళ్లీ పూర్తిగా అటు తిప్పి చూశాకే బండి కదిలిస్తాడు. "మగ్రిబ్ నమాజ్ అయినంక బండి తియ్య" అనేవాడు. భక్తి అనుకున్నాం. పొద్దుగూకాక అతనికి రోడ్డు కనిపించదన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు.

ఇంకొకటి, పిల్లలతో ఒక ఆట ఆడించేవాడు. డ్రైవర్ సీటు పక్కన ఎడమ వైపు కూర్చోవడానికి చిన్న చెక్క పలక ఉండేది. అక్కడ కూర్చునే పిల్ల ఎడమ పక్క లీడర్. వెనక కుడి చివర కూర్చునేవాడు కుడి పక్క లీడర్. ఖుద్దూస్ "ఎడమ పక్క ఎవరు?" అని అరుస్తాడు. "సైకిల్!" అంటుంది లీడర్. "కుడి పక్క ఎవరు?" అంటే "బస్సు!" అంటాడు వాడు. ఏమీ లేకపోతే చప్పుడు చెయ్యకూడదు. ఈ కేకలతో ఆటో వస్తుంటే గల్లీలో అందరూ నవ్వుతూ చూసేవాళ్లు. రెండేళ్లుగా ఎడమ పక్క లీడర్ మా హర్షిణి. పదేళ్లది, చూపు చురుకైంది, ఒక్క కుక్కపిల్లను కూడా వదిలిపెట్టదు. మా పిల్ల లీడర్ అని నేను మురిసిపోయేవాణ్ని.

దసరాకు హైదరాబాద్ నుంచి వచ్చిన మా బావమరిది నితీష్ తన గేమ్ పెట్టె మా ఇంట్లో వదిలి వెళ్లాడు. అందులో ఏమున్నాయో చూస్తుంటే ఒక బొమ్మ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. లాంతరు, దిగుడుబావి, పిల్ల. ఇరవై ఐదేళ్ల నాటి ఆ గేమ్‌నే కంపెనీవాళ్లు మళ్లీ కొత్తగా తయారు చేశారు. కథ అదే, కోట అదే, బొమ్మలు మాత్రం సినిమాలాగా ఉన్నాయి. పాత గేమ్‌లో ఎదురుగా గోడ, పక్కన నలుపు. ఇందులో కోట అన్ని వైపులా పరుచుకుని ఉంది.

ఆదివారం మధ్యాహ్నం ఖుద్దూస్‌ను పిలిచాను. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే టీవీ వైపు చూసి నిలబడిపోయాడు.

"గిది మన బావి కోటనే?"

"మనదే. కూసో, ఆడు."

"ఎంత మంచిగ చేసిండ్రు భాను. నీళ్లు చూడు, నిజం నీళ్ల తీరుగున్నయి."

స్టూలు లాక్కుని టీవీకి దగ్గరగా కూర్చున్నాడు. హర్షిణి అలవాటు ప్రకారం అతని ఎడమ పక్కన చేరింది. లాంతరు పిల్ల మెట్లు దిగుతుంటే ఎవరూ అడగకుండానే హర్షిణి మొదలుపెట్టింది. "ఎడమ పక్క గొలుసు, చాచా." ఖుద్దూస్ దూకి పట్టుకున్నాడు. "ఎడమ పక్క నీళ్లు." తప్పించుకున్నాడు. "ఎడమ పక్క పైల్వాన్." ఒక్క గెంతు వెనక్కి. నవ్వుతూ, చిన్నప్పటిలా నాలిక పళ్ల మధ్య పెట్టుకుని, ఒక్కసారి కూడా చావకుండా మొదటి దర్వాజా దాటేశాడు. నాకు శక్కర్‌నగర్ రేకుల గది గుర్తొచ్చి మనసు నిండిపోయింది.

అప్పుడు మా ఆవిడ చాయ్ గ్లాసులు అందుకోమని హర్షిణిని వంటింట్లోకి పిలిచింది.

పిల్ల లేచి వెళ్లింది. లాంతరు పిల్ల నేరుగా నడిచి నీళ్లలో పడింది. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ పడింది. ఖుద్దూస్ పెదవులు కదులుతున్నాయి. "పన్నెండు మెట్లు, ఎడమకు రెండు, దూకు" అని లోపల్లోపల లెక్కపెడుతున్నాడు. కొత్త కోటలో మెట్లు పన్నెండు లేవు. మూడోసారి పైల్వాన్ వచ్చి ఒక్క దెబ్బ వేశాడు.

"ఎక్కడి నుంచి కొట్టిండు?" అన్నాడు ఖుద్దూస్.

నేను టీవీ వైపు చూశాను. పైల్వాన్ సగం తెర నిండా నిలబడి ఉన్నాడు.

"ఎడమ పక్కనే నిలబడ్డడు గదా."

ఖుద్దూస్ మెడ మొత్తం ఎడమకు తిప్పాడు. ఆటోలో మూల మీద తిప్పినట్టే తిప్పి, వెతికి, "ఆఁ, ఉన్నడు" అన్నాడు.

హర్షిణి చాయ్ తెచ్చి మళ్లీ పక్కన కూర్చుంది. "ఎడమ పక్క పైల్వాన్, చాచా" అంది. ఈసారి తప్పించుకున్నాడు. గ్లాసు అతని మోచేతి పక్కనే పెట్టింది, అతను దాన్ని చూడకుండా చెయ్యి కదిలించాడు, చాయ్ అంతా చాప మీద ఒలికింది. ఆటోలో ఇన్నాళ్లుగా ఏం జరుగుతోందో ఆ ఒలికిన చాయ్ ముందు కూర్చుని ఒక్కసారిగా తెలిసిపోయింది. అది పిల్లల ఆట కాదు. పిల్లలు చెబితే తప్ప అతనికి పక్కలు కనిపించవు.

నేను చాప తుడుస్తుంటే అతనే అందుకున్నాడు.

"నా కండ్లకేం గాలే. ప్రతి జుమ్మాకు నమాజ్ అయినంక ఇంట్ల పాత బావి కోట ఆడుత. దేవిదాస్ పెట్టె నా దగ్గరనే ఉన్నది. మూడో దర్వాజా దాక ఒక్కసారి సావకుండ పోత. కండ్లు మంచిగ లేకుంటే గట్ల అయితదా?"

అడగకుండానే చెప్పాడంటే ఎన్నాళ్లుగా తనకు తాను చెప్పుకుంటున్నాడో. అతని మేనమామ ఒకాయన భీమ్‌గల్‌లో ఉండేవాడు. నలభై దాటాక చూపు పక్కల నుంచి తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా పోయింది. చిన్నప్పుడు సెలవులకు వెళ్లినప్పుడు ఆయన్ని చెయ్యి పట్టుకుని మసీదుకు తీసుకుపోయేది ఖుద్దూసే. ఆ భయంతో కంటి డాక్టర్ గడప తొక్కలేదు. డాక్టర్‌కు బదులు ఆ గేమ్‌తో పరీక్ష పెట్టుకుంటున్నాడు. కండ్లకు దస్తీ కట్టుకుని గెలిచిన గేమ్‌తో.

చెప్పాల్సింది అప్పుడే. "ఖుద్దూస్, రేపటి సంది బండి తియ్యకు" అంటే సరిపోయేది. కాగితం ఇరుక్కుంటే లోకమంతా వినేలా అరిచే నేను, "కొత్త గేమ్ గదా, అలవాటు గావాలె" అన్నాను. అతను తల ఊపి లేచాడు. గుమ్మం దగ్గర ఒక చెప్పు అతనిది, ఒక చెప్పు నాది వేసుకుని వెళ్లిపోయాడు.

సోమవారం పొద్దున ఆటో మా గేటు ముందు ఆగింది. హర్షిణి లోపల యూనిఫాం వేసుకుని రెడీగా ఉంది. నేను బయటికి వచ్చి గేటు దగ్గరగా వేశాను.

"హర్షిణికి జ్వరం. రెండు మూడు రోజులు రాదు."

"అయ్యో, పైలం. మందు ఏయి" అన్నాడు ఖుద్దూస్.

ఎదురింటి రుక్మాబాయి అప్పుడే మనవరాలు అంకితను తీసుకొచ్చింది. బోధన్ అవతల మహారాష్ట్ర దిక్కు నుంచి కోడలిగా వచ్చిన మనిషి, మనవరాలంటే ప్రాణం. ప్రతిరోజూ తానే పిల్లను ఎత్తి ఆటోలో కూర్చోబెట్టేది. "జ్వరమా? పిల్లకు గంజి తాపుండ్రి అన్నా" అంది నాతో. ఆ ముఖం చూస్తూ కూడా నేను నోరు విప్పలేదు. ఖుద్దూస్ అంకితను ముందుకు పిలిచి హర్షిణి పలక మీద కూర్చోబెట్టాడు. "ఇయ్యాల్టి సంది నువ్వే ఎడమ పక్క లీడర్." ఆరేళ్ల పిల్ల. సంతోషంతో రెండు కాళ్లూ ఊపుకుంటూ కూర్చుంది.

ఆటో కదిలింది. నేను స్కూటర్ తీసి వెనకాలే పోయాను. ఎందుకు పోయానంటే చెప్పలేను. పది మంది పిల్లలను వెనక నుంచి చూస్తూ కాపాడగలనని అనుకున్నానేమో. బడి దాకా మూడు కిలోమీటర్లు. నా చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. ఎవడైనా బండి అడ్డం పెడితే వెనక నుంచి నేనే హారన్ కొట్టేవాణ్ని. ఖుద్దూస్ ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా సరిగ్గా నెమ్మదించాడు, ప్రతి మూలా సరిగ్గా తిరిగాడు. ఆ రోడ్డునూ కోటలాగే లెక్కతో నేర్చుకున్నాడని నాకు అర్థమైంది. పిల్లలు దిగి బడిలోకి పోయాక నేను రోడ్డు పక్కన స్కూటర్ ఆపి వాంతి చేసుకున్నాను.

ఇంట్లో హర్షిణి అడిగింది. "నాకు జ్వరం లేదు గదా డాడీ?" గట్టిగా కసిరాను. పిల్ల ఏడ్చింది.

మంగళవారమూ అంతే. సాయంత్రం మాత్రం గట్టిగా అనుకుని ఖుద్దూస్ ఇంటికి వెళ్లాను. అతను అసర్ నమాజ్‌కు పోయాడు. షాజియా మిషన్ ఆపి కుర్చీ వేసింది.

"మంచిగొచ్చిండ్రు అన్నా. మీరన్న జర చెప్పుండ్రి ఆయనకు. ఇంట్ల గిలాసలు నిలుస్తలేవు, చెయ్యి తాకి పడిపోతున్నయి. పోయిన వారం దర్వాజాకే నొసలు కొట్టుకున్నడు. డాక్టర్ దగ్గరికి పొమ్మంటే కొట్లాటకొస్తడు. మీ మాటయితే ఇంటడు."

"చెప్త" అన్నాను. అతను వచ్చేదాకా ఆగకుండా లేచి వచ్చేశాను. దారిలో నాకు నేను ఎన్ని చెప్పుకున్నానో. వాడి పొట్ట కొట్టడానికి నేనెవణ్ని అనుకున్నాను. ఒక ఖుద్దూస్ మీద నోరు లేస్తే అది ఎవరెవరి మీదికి పోతుందో, ఊళ్లో మాటలు ఎట్లా పుడతాయో నాకు తెలియదా అనుకున్నాను. అవన్నీ నిజమే. కానీ అసలు సంగతి వేరే. నా పిల్ల ఇంట్లో భద్రంగా ఉంది కాబట్టి నాకు ఇంకో రోజు గడువు దొరికింది.

బుధవారం పొద్దున కూడా స్కూటర్ మీద వెనకే ఉన్నాను. బడికి పోయే దారిలో చివరి మూల ఒకటి ఉంది, ఎడమకు తిరగాలి. రాత్రికి రాత్రి ఎవరో పైపుల కోసం ఆ మూలనే తవ్వేశారు. ఒక మనిషి లోతు గుంత, అడుగున నీళ్లు. మట్టంతా అవతలి వైపు పోశారు. ఇవతల తాడు లేదు, రాయి లేదు. ముందు వెళ్లే బండ్లన్నీ దూరంగా చుట్టు తిరిగి పోతున్నాయి.

"ఎడమ పక్క ఎవరు?" అన్న ఖుద్దూస్ కేక నాకు వినిపించింది.

జవాబు లేదు. అంకిత తల వంచుకుని నీళ్ల సీసా మూత బిగించుకుంటోంది.

"ఎడమ పక్క ఎవరు?"

చప్పుడు లేకపోతే దారి ఖాళీ అని వాళ్ల ఆటలో లెక్క. ఖుద్దూస్ అలవాటుగా తల ఎడమకు తిప్పాడు. ఎదురుగా పొద్దుటి ఎండ అతని ముఖం నిండా కొడుతోంది. ఆటో ఎడమకు తిరగడం మొదలుపెట్టింది.

నేను స్కూటర్ ఎట్లా ఉరికించానో తెలియదు. గుంతకూ ఆటోకూ మధ్య దూరి అడ్డంగా పడ్డాను. ఆటో ముందు చక్రం నా స్కూటర్‌ను కొట్టి ఆగింది. లోపల పిల్లలు ఒకరి మీద ఒకరు పడి ఏడుపు అందుకున్నారు. నా మోకాలు చీరుకుపోయింది. గుంత అంచు నా చేతికి అందేంత దగ్గర్లో ఉంది.

"పిచ్చి లేసిందా భాను?" అరిచాడు ఖుద్దూస్. "బండ్ల పిల్లలున్నరు. ఎందుకు అడ్డమొచ్చినవ్?"

"ముందల గుంత ఉన్నది."

"ఏ గుంత?"

ఇప్పటికీ దుకాణంలో ఒంటరిగా ఉన్నప్పుడు ఆ రెండు మాటలు చెవిలో పడతాయి. అతను దిగి రెండడుగులు వేశాడు. కాలి కింద మట్టి జారింది. నేను చెయ్యి పట్టుకుని లాగాను. జారిన పెళ్ల లోపల నీళ్లలో పడ్డ చప్పుడు విన్నాక గాని అతనికి అర్థం కాలేదు. వంగి, తల అటూ ఇటూ తిప్పి, గుంతను ఈ చివర నుంచి ఆ చివర దాకా ముక్కలు ముక్కలుగా చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి పిల్లలను ఒక్కొక్కరినీ దింపాడు. ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి పది వరకు లెక్కపెట్టాడు. మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టాడు. అప్పుడు రోడ్డు మీదే కూర్చుండిపోయాడు.

అంకిత అతని దగ్గరికి వచ్చి నిలబడింది. "నేను మూత పెడుతున్న చాచా. సూడలే. హర్షిణక్క ఉంటే చెప్తుండె."

"నీది తప్పు గాదు బిడ్డా" అన్నాడు. తల తిప్పుతూ తిప్పుతూ నన్ను వెతికి పట్టుకున్నాడు. "హర్షిణికి జ్వరం లేదు గదా?"

నేను తల అడ్డంగా ఊపాను. అది అతనికి సరిపోదని గుర్తొచ్చి, "లేదు" అన్నాను.

"ఆదివారమే తెలిసింది నీకు."

"తెలిసింది."

"నాకు భయమైంది. మామూ లెక్క అయితనని భయమైంది. నాకు నేనే అబద్ధం చెప్పుకున్న. నాది పాపమే, నేను మోస్త." పిల్లల వైపు తల తిప్పాడు. "నీ పిల్లను ఒక్కదాన్ని దింపుకున్నవ్. గీ పది మందిని ఎందుకు ఇడిసిపెట్టినవ్?"

నేను స్కూటర్ లేపి పక్కకు పెట్టాను.

పిల్లలను నడిపించి బడిలో దింపాం. తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. మరుసటి రోజు నేనూ షాజియా అతన్ని కంటి ఆసుపత్రికి తీసుకుపోయాం. గొట్టంలోంచి చూసినట్టే అతనికి లోకం కనిపిస్తోందని, ఈ జబ్బుకు మందు లేదని, ఆ మిగిలిన చూపు కొన్నేళ్లు నిలవొచ్చని డాక్టర్ చెప్పాడు. ఆటో అమ్మేశాడు. ఇప్పుడు ఒక సోఫాల దుకాణంలో దిండ్లకు దూది కూరే పని చేస్తున్నాడు. నాతో మాట్లాడతాడు, కానీ మా ఇంటికి రాడు.

ఆ బుధవారం మాత్రం ఇంటికి పొమ్మంటే వినలేదు. "పది ఇండ్లకు పోవాలె. నా నోటితోనే చెప్పాలె. పొద్దుగూకకముందే అయిపోవాలె, నన్ను తీస్కపో" అన్నాడు. మధ్యాహ్నం నుంచి అతని చెయ్యి పట్టుకుని గల్లీ గల్లీ తిరిగాను. ప్రతి గుమ్మం ముందు ఒకటే మాట. "నా చూపు పోతున్నది. రెండేండ్ల సంది అనుమానమున్నా మీ పిల్లను ఎక్కిచ్చుకున్న. మాఫ్ చెయ్యుండ్రి." ఒకాయన కాలర్ పట్టుకుని గోడకు నెట్టాడు. ఒకామె మాట సగంలో తలుపు వేసింది. ఇంకొకాయన తిట్టి తిట్టి తానే ఏడ్చాడు. ఖుద్దూస్ ఎక్కడా ఎదురు మాట్లాడలేదు, ఏ గుమ్మంలోనూ నా పేరు ఎత్తలేదు. ఎత్తుతాడేమోనని ప్రతి గుమ్మంలోనూ ప్రాణం ఉగ్గబట్టుకుని నిలబడ్డాను. తొమ్మిది ఇండ్లలో తిట్లన్నీ అతను పడ్డాడు, నేను చెయ్యి పట్టుకుని తెచ్చిన మంచివాణ్ని అయ్యాను.

చివరిది రుక్మాబాయి ఇల్లు. ఆమె అంకితను కొంగులో దాచుకుని గడప మీద కూర్చుని ఉంది. గుంత సంగతి పిల్ల అప్పటికే చెప్పేసింది.

ఖుద్దూస్ తన మాట చెప్పాడు. ఆమె అంకిత జడలు సవరించింది.

"నిన్ను నమ్మి పొద్దుగాల లేశి పిల్లకు జడలేశి నీ చేతుల పెట్టిన గదా" అంది.

"అవునవ్వా."

"కనవడ్తలేదని ఒక్క మాటంటే ఏమయితుండె? తిండి వెట్టకుండ సంపుతుంటిమా నిన్ను?"

అప్పుడామె నా వైపు తిరిగింది.

"నీకెప్పుడు తెలిసింది అన్నా?"

ఖుద్దూస్ నేల వైపే చూస్తున్నాడు. "ఇయ్యాల్నే" అన్న మాట నా నాలిక మీదికి వచ్చింది. అది అనేసి ఉంటే అక్కడితో అయిపోయేది.

"ఆదివారం" అన్నాను.

ఆమె పెదవులు కదిలాయి. సోమవారం, మంగళవారం, బుధవారం. ఆ మూడు రోజులూ పొద్దున తానే ఎత్తి కూర్చోబెట్టింది, నేను పక్కనే నిలబడి చూశాను. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. లేచి నిలబడి, అంకితను నా వైపు నుంచి తన వెనక్కి జరుపుకుంది.

"పొద్దటి సంది ఏమన్న తిన్నవా?" అని ఖుద్దూస్‌ను అడిగింది. అతను తల ఊపాడు, లేదని. అతని చెయ్యి నా చేతిలోంచి తీసుకుంది. "దా, గడప ఉన్నది, కాలెత్తి పెట్టు" అని లోపలికి నడిపించుకుపోయింది. ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. తలుపు వెయ్యలేదు, నన్ను రమ్మనీ అనలేదు.